రాలిన పండ్లకు తప్పు

ఆ ఎండాకాలం ఫ్రాన్సు దేశం ఓడలెక్కి సముద్రం దాటి మా ఒడ్డుకు వచ్చింది. అందులో ఒక ముక్క గాడిదెక్కి మా ఇంటికి వచ్చింది.

పారిస్ జర్మన్ల చేతికి చిక్కిందనీ, అయినా యుద్ధం ఆపేది లేదనీ, ప్రభుత్వం కాగితాలతో సహా అల్జీర్స్‌కు తరలివచ్చేసిందనీ బడిలో ఉన్న రేడియో చెప్పింది. మంత్రులు హోటళ్ళలో దిగారట. గుమాస్తాలు బడిబల్లల మీద పడుకుంటున్నారట. పట్నంలో కాలు మోపే చోటు లేక ముసలీ ముతకను కొండల మీదికి, మా కబీలీ ఊళ్ళకు పంపేస్తున్నారు. మా మామగారు బెలాయిద్ మా ఊరికి పెద్ద. అందుకని మా వాటాకు ఒకరు వచ్చారు.

కచేరీ బంట్రోతు తయ్యబ్ గాడిదను వాకిట్లో నిలబెట్టాడు. దాని మీద నుంచి అరవై ఏళ్ళ ఆవిడ ఒకరు, నల్ల గౌను, నెత్తిన టోపీ, చేతిలో గొడుగు, ఒళ్ళో చిన్న పెట్టె, మెల్లిగా దిగింది.

"ఎవర్రా ఈ దొరసాని?" అంది మా అత్తగారు ఫెత్తా, చేతికున్న పిండి దులుపుకుంటూ.

"మదామ్ గ్రోజాన్ అంటారమ్మా. కొడుకు ఎవరో మంత్రిగారి దగ్గర గుమాస్తా. అతనికే పడుకునే దిక్కు లేదు. కచేరీ దొరగారి ఆర్డరు. యుద్ధం అయ్యేదాకా ఈవిడ మీ ఇంట్లోనే."

"ఎప్పుడవుతుందట?"

"అది దొరగారు చెప్పలేదు."

అత్తగారు మామగారి వైపు తిరిగింది. "చూశావా? మన మీద పడ్డవాళ్ళ మీద ఇంకొకడు పడ్డాడు. ఇప్పుడు నన్ను నవ్వమంటావా, ఏడవమంటావా?"

"ముందు మంచినీళ్ళివ్వు. తర్వాత తీరిగ్గా నవ్వుకుందువుగాని" అన్నాడు మామగారు.

మాలో గడప దాటి లోపలికి వచ్చిన మనిషి ఆ ఇంటి పూచీ. ఆ మనిషికి ముల్లు గుచ్చుకున్నా ఇంటివాడి పరువే పోతుంది. మంచినీళ్ళు తాగాక ఇంక ఆ విషయం మాట్లాడడానికి ఏమీ ఉండదు. అయినా మా అత్తగారు మాట్లాడుతూనే ఉంది. మామగారి తాత రోజుల్లో మావాళ్ళు తిరగబడ్డారని, మైదానంలో ఉన్న మా భూముల్నీ చెట్లనీ ఫ్రాన్సు ప్రభుత్వం లాగేసుకుంది. మాకు మిగిలింది ఈ కొండవాలు. ఆ సంగతి రోజుకొకసారి తలుచుకోనిదే ఆవిడకు తిన్నది అరిగేది కాదు.

అత్తగారికీ మదామ్‌కీ మధ్య వారధిని నేనే. నా పేరు వర్దియా. ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది. మా ఆయన ఉవాలి సైన్యంలో ఉన్నాడు, త్యునీసియా సరిహద్దులో ఇటలీవాళ్ళ మీద పోరాడుతున్నాడు. చిన్నప్పుడు క్రైస్తవ సిస్టర్ల దగ్గర మగ్గం నేర్చుకుంటూ నాలుగు ఫ్రెంచి ముక్కలు కూడా నేర్చుకున్నాను. ఆ నాలుగు ముక్కలతోనే ఆ వేసవంతా ఇద్దరు ముసలమ్మల కాపురం నడిపాను. అత్తగారు వంద మాటలంటే నేను పది చెప్పేదాన్ని. ఆ పదిలో కూడా ముళ్ళు ఏరేసి చెప్పేదాన్ని.

వచ్చిన వారానికల్లా మదామ్ ఊరికే కూర్చుని తినలేక పనిలోకి దిగింది. కుస్‌కుస్ రవ్వ నలపడం చేతకాలేదు. నీళ్ళకుండ నెత్తిన నిలవలేదు. మేక పాలు మాత్రం మా అందరికంటే బాగా పితికింది. అది చూసి మా అత్తగారు మెచ్చుకోకుండా ఉండలేకపోయింది, మెచ్చుకోవడమూ ఇష్టం లేకపోయింది. "మేక కూడా ఆర్డరుకి భయపడినట్టుంది" అంది.

అది అంజూరం చెట్లకు దండలు వేసే కాలం. మా చెట్లకు వాటంతటవే పండ్లు నిలవవు. మగచెట్టు కాయలు తెచ్చి, తాళ్ళకు గుచ్చి, ఆడచెట్ల కొమ్మలకు దండల్లా వేలాడదీయాలి. ఆ కాయల్లోంచి కంటికి ఆనని పురుగులు ఎగిరి వెళ్ళి చేయాల్సిన పని చేస్తాయి. మదామ్ కూడా గౌను అంచు నడుములో దోపుకుని మాతోపాటు కొండవాలుకి వచ్చింది.

"మా ఊళ్ళో చెట్లకు తేనెటీగలే చాలు. ఈ దండలేమిటి?" అని అడిగింది.

నేను చెప్పాను. అత్తగారు చెట్టు మీంచే జవాబిచ్చింది. "మీ ఊళ్ళో చెట్లు లేచిపోతాయేమో. మా ఊళ్ళో వాటికి దండలు మార్పించి పెళ్ళి చెయ్యాలని చెప్పు."

ముల్లు ఏరకుండా చెప్పాను. మదామ్ పగలబడి నవ్వింది. అప్పటిదాకా ఆవిడ పళ్ళు ఎలా ఉంటాయో మాకు తెలియదు.

నవ్వు ఆగాక తన తోట గురించి చెప్పింది. లొరేన్‌లో వాళ్ళది పల్లెటూరు. ఇంటి వెనక పసుపుపచ్చని ఆల్‌బకరా పండ్ల చెట్లు. పెళ్ళై వచ్చిన ఏడాది తన అత్తగారు నాటించినవి కొన్ని, భర్త పోయాక తానే నాటినవి కొన్ని. జర్మన్లు వస్తున్నారని కొడుకు బండెక్కించేసరికి చెట్ల నిండా పిందెలు ఉన్నాయట.

అత్తగారు కొమ్మ మీంచి కిందికి చూసింది. తర్వాత, "దేశం ఓడెక్కి వచ్చేసిందని రేడియోలో రోజూ చెబుతున్నారుగా. మరి చెట్లు?" అంది.

ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానీ మదామ్ నా మొహం చూస్తూ నిలబడింది. చెప్పాను.

"చెట్లు ఎక్కలేదు" అంది మదామ్.

అంతే. ఒక దండ తీసుకుని దారి మలుపులో ఉన్న చెట్టు దగ్గరికి వెళ్ళింది. చేతికందిన కొమ్మకు దాన్ని తనే కట్టింది. కట్టి, మేకపిల్లను నిమిరినట్టు ఆ చెట్టు మానును నిమురుతూ నిలబడిపోయింది.

అది మా అత్తగారి చెట్టు. మా ఇంటిది కాదు, ఆవిడది. మాలో ఆడపిల్లకు పుట్టింటి భూమిలో వాటా లేదు. కానీ భూమి ఒకరిదీ, దాని మీద చెట్టు ఇంకొకరిదీ కావచ్చు. ఆవిడ తమ్ముడు ఫ్రాన్సు బొగ్గుగనుల పనికి వెళ్ళేముందు ఆ ఒక్క చెట్టునూ అక్కకు ఇచ్చి వెళ్ళాడు. వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఈ లోకంలో తనదని చెప్పుకోవడానికి ఆవిడకు ఆ చెట్టు తప్ప మరొకటి లేదు.

"ఏమిటే అది, ఎంతసేపు నిమురుతుంది దాన్ని?" అని అరిచింది అత్తగారు. "నీదే పో! తీసుకుపో! నీ ఓడెక్కించు!"

పక్క చేలో దండలు కడుతున్న దహ్బియా కిసుక్కున నవ్వింది. ఆమె కింది వీధి పెద్ద కాసి భార్య. ఈ మాట మాత్రం నేను మదామ్‌కు చెప్పలేదు.

ఎండాకాలంలో వానలు కురిసే దేశం కాదు మాది. ఆగస్టులో కొండ కొండంతా పెనంలా కాలుతుంది. అంజూరాలు నల్లబడి, మెడలు వాల్చి, తేనె కారుస్తుంటాయి. సరిగ్గా అప్పుడే ఊరి సభ కట్టు వేస్తుంది. దండోరా వేసి మళ్ళీ తెరుపు చెప్పేదాకా ఎవరూ, తన చెట్టైనా సరే, పండు ముట్టుకోకూడదు. ఉన్నవాడి చెట్టూ, ఒంటిచెట్టు విధవరాలి చెట్టూ ఒకే పొద్దున తెరుచుకోవాలి. లేకపోతే పగలు ఉన్నవాడు కోస్తాడు, చీకట్లో లేనివాడు కోస్తాడు, తెల్లారేసరికి తలలు పగులుతాయి. ఇది మా మామగారి మాట.

కట్టు దాటినవాళ్ళు తప్పు కట్టాలి. మా ఊళ్ళో తప్పంటే రాళ్ళే. వాగులోంచి బల్లపరుపు రాళ్ళు మోసుకొచ్చి, చెలమకు వెళ్ళే దారిలో పరవాలి. మా ఊరి దారి అంతా మా ఊరి తప్పులతో పరిచిందే. నీళ్ళకు వెళ్ళే ఆడవాళ్ళు కుండలతో నడుస్తూ, ఇది ఫలానావాడి దొంగతనం, ఇది ఫలానావాడి నోటిదురుసు అని చెప్పుకుంటూ పోతారు. వానాకాలంలో కాలు జారకుండా ఉండేది కూడా ఆ తప్పుల వల్లే.

కట్టు సంగతి మదామ్‌కు నేనే చెప్పాను, ఎవరూ పండు కోయకూడదని. ఆవిడ తల ఊపింది. అలాంటి కట్టు ఉండడం మంచిదేనంది కూడా.

ఆ తర్వాత నాలుగైదు రోజులకు, పొద్దు వాలుతుండగా నేనూ అత్తగారూ చెలమ దగ్గర ఉన్నాం. కుండ నిండుతోంది. దహ్బియా ముక్కు ఎగబీల్చింది.

"ఏమిటీ వాసన?"

అందరం ఎగబీల్చాం. తీపి వాసన, చక్కెర పాకంలో అంజూరం ఉడుకుతున్న వాసన. చెలమ దాకా వచ్చిందంటే సభ అరుగుల మీద కూర్చున్న మగవాళ్ళ ముక్కులకు ఎప్పుడో తగిలి ఉంటుంది. వాసన ఏ ఇంట్లోంచి వస్తోందో ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. పొగ మా కప్పు మీంచే లేస్తోంది.

అత్తగారు కుండ అక్కడే వదిలేసింది. ఆ వయసులో ఆవిడ అలా పరుగెత్తగలదని నాకు తెలియదు.

వెళ్ళేసరికి మదామ్ పొయ్యి ముందు కూర్చుని, మొహమంతా చెమటతో, రాగి గిన్నెలో గరిటె తిప్పుతోంది. కొడుకు పట్నం నుంచి పంపిన చక్కెర అంతా అందులోనే పోసింది. మమ్మల్ని చూసి మొహం వెలిగిపోయింది.

"చూడకూడదు! ఇంకా కాలేదు! ఇది ఫెత్తాకి నేనిచ్చే బహుమానం."

"కోశారా?" అన్నాను.

"కోయడమా? ఒక్కటి కూడా కోయలేదు. అన్నీ రాలినవే ఏరాను. కుళ్ళిపోతున్నాయి వర్దియా, చీమలు పట్టి! మా ఊళ్ళో రాలిన పండు ఏరకపోతే బద్ధకపు మనిషని వెలివేస్తారు."

రాలిన పండు మాట చెప్పాలని నాకు తట్టనే లేదు. మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు అది. రాలినవి ఏరుకోవచ్చంటే ప్రతి చెట్టుకూ ఊపడానికి ఒక చెయ్యి దొరుకుతుంది. కట్టు దాటి దొరికిన ప్రతివాడూ మా ఊళ్ళో మొట్టమొదట అనే మాట "రాలినవేనండీ" అనే.

మామగారు వచ్చాడు. పొయ్యినీ, గిన్నెనీ, మదామ్‌నీ వరసగా చూశాడు. తలగుడ్డ విప్పి చేతులకు చుట్టుకుని, ఉడుకుతున్న గిన్నెను పొయ్యి మీంచి దించి, అలాగే పట్టుకుని వీధిలోకి నడిచాడు. సభ నడిమధ్య దాన్ని పెట్టాడు.

"సాక్షులు అక్కర్లేదు. అందరికీ ముక్కులున్నాయి" అన్నాడట కూర్చుంటూ.

సభలోకి ఆడవాళ్ళు వెళ్ళరు. కానీ పక్కనున్న దహ్బియా వాళ్ళ మిద్దె మీంచి అన్నీ వినబడతాయి. మేమంతా అక్కడే ఉన్నాం.

కాసి లేచాడు. సన్నటి మనిషి, సూదిలాంటి నోరు. "బెలాయిద్, పోయినేడు నా కూతురు ఒళ్ళో నాలుగు పళ్ళు వేసుకొచ్చింది. రాలినవేనంది. రాలినా కోసినా ఒకటేనని నువ్వే చెప్పావు. నేను రాళ్ళు మోశాను. ఈ నడుము ఇంకా పట్టేసే ఉంది. ఇవాళ నీ ఇంట్లో నాలుగు కాదు, గిన్నెడు. నేను నీ మీద పగతో అనడంలేదు. కట్టు అందరికీ ఒకటేనా, కాదా? అదొక్కటి చెప్పు."

"ఒకటే" అన్నాడు మామగారు. "ఆవిడ నా అతిథి. అతిథి తప్పు ఇంటివాడిది. రాళ్ళు నేను మోస్తాను. తప్పు కట్టినవాడు ఆ ఏడు పెద్దరికం చేయకూడదని మీకు తెలుసు. పెద్దరికపు కర్ర ఇక్కడ పెడుతున్నాను. ఇంకొకర్ని చూసుకోండి."

కర్ర రాతి మీద పెట్టిన చప్పుడు మిద్దె మీదికి వినబడింది.

కాసి అడిగింది న్యాయం. అతనికి ఇది కావాలని లేదు. మామగారు దిగితే ఆ కర్ర ఎవరి చేతికి పోతుందో అందరికీ తెలుసు. కచేరీ గడపలు అరగదీసే తయ్యబ్ బావమరిది ఒకడు ఎప్పటి నుంచో కాచుకుని ఉన్నాడు. వాడు కూర్చుంటే ఇంక మా సభ కచేరీకి తోక అయిపోతుంది. ఎవరిని సైన్యంలోకి పంపాలో, ఎవరి ఎడ్లను తోలుకుపోవాలో అక్కడ రాస్తారు, ఇక్కడ తల ఊపుతారు. యుద్ధం మొదలైన నాటి నుంచి మామగారు ఆ కచేరీవాళ్ళతో నవ్వుతూనే మాట్లాడి, ఊరి ఎడ్లను ఊళ్ళోనే ఉంచాడు.

ఆఖరికి మసీదు పెద్దాయన, "రేపు పొద్దున తేల్చుకుందాం. ఇవాళ అందరి కళ్ళూ గిన్నె మీదే ఉన్నాయి" అన్నాడు.

ఆ రాత్రి మదామ్‌కు అంతా విడమరిచి చెప్పాను. ఆవిడ కన్నీళ్ళు పెట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని తిన్నగా కూర్చుంది.

"తప్పు చేసింది నేను. రాళ్ళు నేనే మోస్తానని చెప్పు."

"అతిథి మోయకూడదు" అన్నాడు మామగారు.

"అయితే నేను అతిథిగా ఉండను."

"ఉండకపోతే ఏమవుతావమ్మా? ఊరిమనిషి కావాలంటే ఊళ్ళో ఏదైనా ఉండాలి. ఇల్లో, పొలమో, పాతిపెట్టిన తాతో." మామగారు నవ్వడానికి ప్రయత్నించాడు. "నీ సామాను నేను చూశాను. పెట్టె, గొడుగు."

ఇది చెప్పినప్పుడు మాత్రం ఆవిడ తల వంచుకుంది. ఆవిడ వదిలి వచ్చిన ఆల్‌బకరా చెట్లు నా కళ్ళ ముందు కనిపించాయి. అత్తగారు ఒక మూల పిండి పిసుకుతోంది. ఆ రాత్రి రొట్టె పిండిని అంతసేపు ఎందుకు పిసికిందో మర్నాడు గాని నాకు అర్థం కాలేదు.

పొద్దున్నే మిద్దె మీద మా పక్కన ఆవిడ లేదు. చూస్తే సభ గడప ముందు నిలబడి ఉంది. లోపల అడుగు పెట్టలేదు. గడపకు ఆనించి రెండు కాళ్ళూ పెట్టి, నడుము మీద చేతులేసుకుంది. మగవాళ్ళంతా నేల చూపులు చూశారు.

"కాసీ! ఆ రాలిన పళ్ళు ఏ చెట్టు కిందివి?"

"మలుపు చెట్టు కిందివి. నీ చెట్టువే, ఫెత్తా."

"నాది కాదు. దండలు కట్టిన రోజే అది మదామ్‌కి ఇచ్చేశాను. కట్టు దాటింది ఊళ్ళో చెట్టున్న మనిషి. తన తప్పు తనే కట్టుకుంటుంది. మా ఆయనకి దాంతో పనేమిటి?"

సభలో గుసగుసలు. కాసి గడ్డం గోక్కున్నాడు. "చెట్టు ఇచ్చినట్టు ఎవరైనా విన్నారా? రాత్రికి రాత్రే ఇచ్చి దండల రోజు ఇచ్చానంటే కుదరదు. ఇచ్చిన మాటకు చెవి ఉండాలి."

నా పక్కన దహ్బియా తన ముసుగు అంచు కొరుకుతోంది. ఆరోజు మా అత్తగారు అన్నది ఏ గొంతుతో అన్నదో ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఆమె నా వైపు చూసింది. పోయినేడు మోసిన రాళ్ళకు మొగుడి నడుముకు నూనె రాసింది ఆమే.

దహ్బియా పిట్టగోడ మీంచి ముందుకు వంగింది.

"నేను విన్నాను" అంది. "'నీదే పో, తీసుకుపో' అంది. పక్క చేలోనే ఉన్నాను."

కాసి తలెత్తి పెళ్ళాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇంట్లో నా మాట ఒక్కటీ వినబడదు దీనికి. పక్క చేలో మాటలు మాత్రం వినబడతాయి" అన్నాడు. సభంతా గొల్లుమంది. "సరే. చెట్టు ఆవిడది. తప్పు ఆవిడది. బెలాయిద్ ఇంటికి మచ్చ లేదు. కర్ర తీసుకోవయ్యా, అడ్డంగా ఉంది."

మామగారు కర్ర ముట్టుకోలేదు. పెళ్ళాం వైపు తిరిగాడు. సభలో ఆయన ఆవిడను పేరు పెట్టి పిలవడం అదే మొదలు, అదే ఆఖరు.

"ఫెత్తా. సభలో అన్న మాట ఇది. ఆ చెట్టు మళ్ళీ నీకు రాదు. తెలుసు కదా?"

"తెలియకుండా నిలబడ్డానా ఇక్కడ?" ఆవిడ నడుము మీంచి చేతులు తీసింది. "వాళ్ళ తాతలు మన తాతల చెట్లను అడక్కుండా పట్టుకుపోయారు. నేను అడక్కుండానే ఇస్తున్నాను. ఏది నిలుస్తుందో చూద్దాం."

వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేసింది. కాసేపటికి మామగారు కర్ర తీసుకున్నాడు.

ఇంక గిన్నె సంగతి మిగిలింది. పారబోస్తే పాపం, ఆవిడకే ఇస్తే తప్పుకు ఫలం దక్కినట్టు. గంటసేపు వాదించి, అది ఊరందరిదీ అని తేల్చారు. ఇంటికొక గరిటె. దండోరావాడు గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. కాసి తన గరిటెడూ తిని వేలు నాక్కుని, "వచ్చే ఏడు కూడా తప్పు చేస్తుందేమో కనుక్కో" అని నాకు కబురు పంపాడు.

జరిగినదంతా మదామ్‌కు చెప్పాను, చెట్టు మాట ఆఖర్న చెప్పాను. ఆవిడకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి అత్తగారి దగ్గరికి వెళ్ళింది. వద్దని చెప్పమంది. అంత పెద్దది తీసుకోలేనంది.

"వద్దంటే సభలో అబద్ధం చెప్పినదాన్నవుతాను" అంది అత్తగారు కళ్ళెత్తకుండా. "వాగు దగ్గరికి పొమ్మను. ఎండ ఎక్కకముందే రాళ్ళు మొయ్యాలి. ఆ టోపీ పెట్టుకోమను, వదిన తల మాడిపోతుంది."

దొరసాని పోయి వదిన వచ్చింది. ముళ్ళు ఏరాల్సిన పని లేకుండా ఆ మాట అలాగే చెప్పాను.

మదామ్ రాళ్ళు మోసింది. పెద్ద రాళ్ళు ఎత్తలేక చిన్నవి ఎంచుకుంది, అందుకని ఎక్కువసార్లు తిరిగింది. సాయం చేయకూడదు గనుక ఊరి ఆడవాళ్ళందరం దారికి అటూ ఇటూ కూర్చుని సలహాలు ఇచ్చాం. అత్తగారు అందరికంటే ఎక్కువ ఇచ్చింది. అలా మదామ్ మోకాళ్ళ మీద కూర్చుని రాయి సర్దుతుండగా కచేరీ బంట్రోతు తయ్యబ్ గాడిదతో దిగాడు. బావమరిది కబురు పంపినట్టున్నాడు.

"మదామ్! ఈ మోటు జనం మీచేత రాళ్ళు మోయిస్తున్నారని దొరగారికి తెలిసింది. అసలు ఈ సభకు చట్టంలో చోటే లేదు. వెంటనే గాడిదెక్కండి. బెలాయిద్ సంగతి దొరగారు చూసుకుంటారు."

మదామ్ లేచింది. మట్టి చేతులు గౌనుకు తుడుచుకుంది.

"మా ఊరి దారి నేను బాగుచేసుకుంటున్నాను. దీంట్లో మీ దొరగారికి పనేమిటి?"

"మీ ఊరేమిటి మదామ్?"

"నాకు ఇక్కడ చెట్టు ఉంది" అంది ఆవిడ. ఆ మాట మా భాషలోనే అంది. అత్తగారి దగ్గర ఎప్పుడు నేర్చుకుందో తెలియదు. "ఆ గాడిదను పక్కకి తీయండి. కొత్తగా పరిచిన రాళ్ళ మీద నిలబెట్టారు."

తయ్యబ్ గాడిదను పక్కకు తీశాడు. అటునుంచి అటే తీసుకుపోయాడు. దారికి రెండువైపులా నవ్వులు మొదలయ్యాయి, అతను మలుపు తిరిగేదాకా ఆగలేదు.

తెరుపు దండోరా ఒక తెల్లవారుజామున పడింది. ఊరంతా బుట్టలతో కొండవాలు మీదికి పరిగెత్తింది. మా ఉవాలి ముందురోజే సెలవు మీద వచ్చాడు, ముక్కు ఎండకు తోలు ఊడి, ఇటలీవాళ్ళ చేతిలోని ట్రిపోలీ మాదైపోయిందన్న కబురు మోసుకుని. ఆ కబురు రేడియోలో కూడా వచ్చింది. మదామ్ నా భర్త రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. అతను సిగ్గుపడి చచ్చిపోయాడు. నేను ఆ నెలంతా ఎంత సంతోషంగా ఉన్నానో ఇప్పుడు చెప్పినా సిగ్గే.

ఆవిడ తన చెట్టు కింద నిలబడి మొదటి పండు కోసింది. మాలో మొదటి పండు అతిథికి ఇవ్వాలి. అటూ ఇటూ చూసి మామగారి దగ్గరికి వెళ్ళి అరచేతిలో పెట్టింది.

"ఈ చెట్టు కింద మీరు నా అతిథి."

మామగారు తలగుడ్డ సర్దుకుని, రెండు చేతులతో అందుకున్నాడు. రెండో పండు అత్తగారికి ఇవ్వబోతే, "నాకెందుకు? దాని రుచి నాకు తెలియదా?" అంటూనే నోట్లో వేసుకుంది. నములుతూ మొహం పక్కకు తిప్పుకుంది.

నాలుగేళ్ళ తర్వాత ఆవిడ దేశం మళ్ళీ ఓడలెక్కి తన ఒడ్డుకు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు రోజు మదామ్ చెట్టుకు దండ కట్టింది. చెట్టును తిరిగి ఇచ్చి వెళ్తావా అని దహ్బియా అడిగితే కోపం కూడా వచ్చింది. "నేనేమైనా అతిథినా, ఉన్నది అప్పజెప్పి పోవడానికి? పురుగులు వచ్చే వేళకు దండలు వేయడం మానకండి" అంది.

మానలేదు. అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఆవిడ వేసింది. తర్వాత నేను. ఆ చెట్టు పండ్లు విడిగా ఎండబెడతాం, విడిగా గాదెలో పోస్తాం. ఏడాది తిరిగేసరికి మిగిలినవి ఊరందరికీ, ఇంటికొక గరిటెడు. మా దగ్గర పట్టుకుపోయిన భూములు మాకు తిరిగి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది, అది వేరే కథ. అత్తగారి మాట మాత్రం నిలిచింది.

మొన్న దండల రోజు మా కొత్త కోడలు బుట్ట పట్టుకుని నా వెనకే వచ్చింది. మలుపులో ఆగింది.

"ఇది కూడా మనదేనా అత్తయ్యా?"

"కాదమ్మా. మన ఊరావిడది."

"ఎవరు? ఎప్పుడూ చూడలేదే."

"ఊరెళ్ళింది" అన్నాను. "దండ ఇటివ్వు."